ఏడో నంబరు యంత్రం

41 రోజులు మిగిలాయి

ఈ డైరీ రాయమన్నది నివాస కార్యాలయం. స్థిర నివాసానికి దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు అనుమతి గడువు ముగిసేదాకా సొంత భాషలో, సొంత చేత్తో తమ రోజులు రాసి ఇవ్వాలట. మనిషి నిజంగా ఇక్కడే బతుకుతున్నాడా, లేక కాగితాల మీదే బతుకుతున్నాడా అని తేల్చుకోవడానికట. ఎవరూ చదవరు, భయపడకు అని నాకు ముందు రాసినవాళ్లందరూ చెప్పారు. ఎవరూ చదవకపోతే ఇంకా మంచిది, ఉన్నదున్నట్టు రాస్తాను.

నా పేరు గరికిన నూకరత్నం. వయసు నలభై రెండు. పుట్టింది కాకినాడ అవతల సముద్రపొడ్డున. మా పేట మూడుసార్లు వెనక్కి జరిగింది, మూడుసార్లూ సముద్రం వెంటబడి వచ్చింది. నాలుగోసారి నేను వెనక్కి జరగకుండా పైకి జరిగాను. ఇప్పుడు ఉంటున్నది కంకణంలో. భూమి చుట్టూ తొంభై నిమిషాలకోసారి తిరిగివచ్చే ఊరిది. గుండ్రంగా గాజులా ఉంటుంది కాబట్టి ఆ పేరు.

నా పని వలలు బాగుచేయడం. పాతకాలంలో వాడి వదిలేసిన ఉపగ్రహాల ముక్కలు మా దారిలోకి తేలుతూ వస్తుంటాయి. అవి గోడలకు తగలకుండా ఊరి చుట్టూ వలలు కట్టి ఉంటాయి. చిరిగిన వల లోపలికి వస్తుంది, నేను కన్ను కన్నూ అల్లి బయటికి పంపుతాను. నాలుగేళ్లలో రెండువందల పన్నెండు వలలు పంపాను. మా అమ్మ చేపల కోసం అల్లేది, నేను ఇనప ముక్కల కోసం అల్లుతాను, తేడా అంతే.

రెండు నెలల కిందట మా కాంట్రాక్టరు జెండా ఎత్తేసి చంద్రుడి మీదికి పోయాడు. మేం వలలు అల్లే వలసాలకు తాళం పడింది. పని లేనివాళ్లకు ఇక్కడ వంద రోజుల గడువిస్తారు. అందులో మిగిలినవే పైన రాసిన నలభై ఒకటి. ఈలోగా స్థిర నివాసం రాకపోతే దిగిపోవాలి, పదేళ్లదాకా మళ్లీ అడగకూడదు. అప్పటికి నాకు యాభై రెండు వస్తాయి, వయసు మార్కులు సున్నా అవుతాయి.

ఈ రోజు కార్యాలయానికి పిలిచారు. నా ఫైలు చూసే అధికారి పేరు సమ్మయ్య గారు, కరీంనగర్ వైపు మనిషి. ముఖం ఉప్పు తక్కువైన పప్పులా ఉంటుంది. ఆయన తెర మీద వేలు పెట్టి పైనుంచి కిందికి రెండుసార్లు చదివాడు.

"అమ్మా, మీకు నలభై ఎనిమిది మార్కులొస్తున్నయి. డెబ్బై కావాలె."

"అదేటండీ! నిపుణ పనికి ముప్పై రావాలి కదండీ. నాలుగేళ్లు చేశాను."

"గా ముప్పై వస్తే డెబ్బై ఎనిమిది అయితుండె. కానీ మీ పేరు మీద వల పని లేదమ్మా. ఊడ్చే పని అని రాసి ఉన్నది."

"ఇక్కడ ఊడవడానికి దుమ్మేదండీ? మరి నాలుగేళ్లూ ఆ వలలన్నీ ఎవరు బాగుచేశారంట?"

ఆయన తెరను నా వైపు తిప్పాడు. అందులో నా రెండువందల పన్నెండు వలలూ తేదీలతో సహా వరసగా ఉన్నాయి. ఒక్కోదాని పక్కనే పని చేసినవారు అన్న గడిలో ఒకే మాట ఉంది. ఏడో నంబరు యంత్రం.


39 రోజులు మిగిలాయి

నిన్న రాయలేదు. నిన్నంతా ఒళ్లు మండిపోయింది.

ఏడో నంబరు యంత్రం నాకు తెలుసు. వలసాల మూలన దుప్పటి కప్పుకుని కూర్చుంటుంది. యంత్రాలతోనే బాగుచేయిస్తానని మాటిచ్చి మా కాంట్రాక్టరు ఈ పని తెచ్చుకున్నాడట. ఆ యంత్రానికి నెల రోజులు నేర్పినా ఒక్క ముడి రాలేదు. ఊరంతా గిర్రున తిరుగుతూ బరువిస్తుంది గానీ, తిరగని వలసాలలో బరువుండదు, వల గాల్లో పొగలా తేలుతుంది, దాన్ని బిగపట్టాలి. మేమైతే వల అంచును కాలి బొటనవేలికి తగిలించుకుని లాగి పట్టి అల్లుతాం. పాపం యంత్రానికి బొటనవేలేదీ? అందుకని దానికి దుప్పటి కప్పి, నన్ను ఊడ్చే మనిషిగా తెచ్చుకుని, నా పనంతా దాని పేరున రాశాడు. నాకిచ్చిన చీటీల మీద 'సహాయకురాలు' అని ఉంటే వలలకు సహాయం అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఈ సంగతి ఓబులేసు గారికి చెప్పాను. ఆయనెవరో రాయాలి కదా. కర్నూలు మనిషి, గాలి గొట్టాలు బిగిస్తాడు, కంకణంలో స్థిర నివాసి. తోటల అంతస్తులో ఉల్లిపాయలు పండించి పనిముట్ల సంచిలో పెట్టుకు తిరుగుతాడు. సంచి అడుగున చిరుగు. ఈయన ఏ దారిన వెళ్లాడో ఉల్లిపాయలు చూసి చెప్పొచ్చు.

మూడేళ్ల కిందట వలసాలలో ఏదో వాసన వస్తోందని ఫిర్యాదు వస్తే చూడడానికి వచ్చాడు. అప్పుడు నేను పక్కనే బరువున్న గదిలో ఎండురొయ్యలు వేయించుకుంటున్నాను. గాలి చెడుతుందని ఇక్కడ వేయించడం నిషేధం. గబగబా మూత పెట్టేశాను. ఆయన ముక్కు ఎగబీల్చి, "దీంట్లోకి ఉల్లిగడ్డ లేకుంటే ఎట్లా?" అని సంచిలోంచి ఒకటి తీసి ఇచ్చాడు. తిని, మూతి తుడుచుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి గొట్టాలు బాగున్నా చూడడానికి వస్తూనే ఉన్నాడు.

పోయిన ఏడాది పెళ్లి చేసుకుందామన్నాడు. స్థిర నివాసం కార్డు వచ్చాక చూద్దామండీ అన్నాను. ఎందుకంటే స్థిర నివాసిని చేసుకుంటే కుటుంబం కోటాలో కార్డు వచ్చేస్తుంది, మార్కులూ గీర్కులూ అక్కర్లేదు. ఈ రోజు అదే మాట ఆయన మళ్లీ ఎత్తాడు.

"రత్నమ్మా, పెండ్లి చేసుకుంటే ఈ తలనొప్పంతా ఒక్క పూటలో పోతాది కదా."

"ఆయ్, పోద్దండీ. తరవాత మీరు కార్డు కోసం చేసుకున్నాననుకుంటారు."

"నేనెందుకు అనుకుంటా?"

"మీరనుకోపోతే నేననుకుంటానండీ. మీ మీద కోపం వచ్చిన రోజల్లా, ఈయన్ని ఇష్టపడి చేసుకున్నానా, గడువైపోతందని చేసుకున్నానా అని. నాకా గొడవొద్దు. నా చేతిపని మీద ఉంటాను, తరవాత నా ఇష్టం మీద చేసుకుంటాను."

ఆయన గడ్డం గోక్కున్నాడు. "చేసుకుంటావనైతే చెప్పినావు కదా, అది చాలు," అన్నాడు. నిజమే, నోరు జారాను. జారినందుకు బాధేం లేదు.


36 రోజులు మిగిలాయి

బచ్చలి తీగకు నీళ్లు పెట్టాను. గాలి జల్లెడ కడిగాను. కాంట్రాక్టరుకు చంద్రుడి మీదికి ఆరో ఉత్తరం పంపాను. జవాబు లేదు. చేసిన పనికి ఒక్క ముక్క రాసివ్వడానికి ఆయనకేం పోయేదో!

ఇరుగుపొరుగు అందరిదీ ఒకటే సలహా, "గొట్టాలాయన్ని చేసుకో." పాలమ్మే ఆవిడ అంది, బడి పంతులు అన్నాడు, ఆఖరికి లిఫ్టు కూడా అంటుందేమోనని మెట్లెక్కి వచ్చాను.

కిటికీలోంచి చూస్తే కింద బంగాళాఖాతం. నాకు ఈ ఊరు ఇష్టం. ఎవరడిగినా పొట్టకూటి కోసం వచ్చానని చెబుతాను గానీ అది అబద్ధం. రోజుకు పదహారుసార్లు తెల్లవారే ఊళ్లో ఉండడం నాకు సరదా. తడి లేని చేతులతో వల పట్టుకోవడం సరదా. ఇక్కడి నుంచి దిగిపోమంటే ఏడుస్తాను, సిగ్గుపడకుండా ఏడుస్తాను.


33 రోజులు మిగిలాయి

గొప్ప రోజు!

పొద్దున్నే ఓబులేసు గారు ఆయాసపడుతూ వచ్చాడు. వెనకాల రెండు ఉల్లిపాయలు దొర్లుకుంటూ వచ్చాయి.

"రత్నమ్మా, అప్పుడు వాసనకని నన్ను పంపినారే, ఆ ఫిర్యాదు ఏమని రాసింటారో ఎరుకనా? నాకిప్పుడు గుర్తొచ్చినాది. ఏడో నంబరు యంత్రం దగ్గర ఎండుచేపల వాసన. కింద నేను రాసినా, కారణం తెలీలేదు అని."

"అయితే ఏటండీ?"

"యంత్రం మీద ఇట్లాటివి ఇంకెన్ని రాసింటారో చూడల్ల కదా! స్థిర నివాసి ఎవరడిగినా ఏ యంత్రం ఫిర్యాదులైనా చూపియ్యల్ల. నేను అడిగినా. ఇదో, తెచ్చినా."

నలభై పేజీలున్నాయి. ఇద్దరం నేల మీద కూర్చుని చదివాం. నవ్వి నవ్వి నాకు పొట్టలో నొప్పొచ్చింది. కొన్ని ఇక్కడ ఎక్కిస్తున్నాను, ఎవరూ చదవకపోయినా సరే.

'ఏడో నంబరు యంత్రం ఆరు రోజులు పనిచేయలేదు. కారణం తెలియలేదు.' అది నాకు ఆటలమ్మ పోసినప్పుడు.

'ఏడో నంబరు యంత్రం ప్రతి ఏడాదీ ఒకే రోజున ఆగిపోతోంది. గడియారం మార్చాం.' అది నూకాలమ్మ తల్లి పండగ. అమ్మవారి పేరు పెట్టుకుని ఆ రోజు పని చేస్తానా? గడియారం నాలుగుసార్లు మార్చారు.

'ఏడో నంబరు యంత్రం పాడుతున్నట్టు పక్క గదివాళ్లు చెబుతున్నారు. నూనె వేశాం.'

అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చింది వేరే ఫిర్యాదు. వల బయటికి వెళ్లేముందు తనిఖీ కెమెరా ఫొటో తీస్తుంది. ప్రతి ఫొటో కింద ఒకటే మాట. 'ఏడో నంబరు యంత్రం ఒక కన్ను అల్లకుండా వదిలేసింది. కుడి అంచు, చివరి వరస. ప్రమాదం లేదు.' రెండువందల పన్నెండు వలలకు రెండువందల పన్నెండుసార్లు. ఆ లోపం సరిచేయడానికి మరమ్మతు వాళ్లు పదకొండుసార్లు వచ్చి, దుప్పటి తీసి, యంత్రానికి చెయ్యి మార్చి, కన్ను మార్చి, బుర్ర మార్చి వెళ్లారు. ప్రతిసారీ 'బాగుచేశాం' అని రాశారు. నేను లేనప్పుడు వచ్చినట్టున్నారు, లేకపోతే నాకూ నూనె వేసేవాళ్లు.

"ఇదేంది, ఒక కన్ను విడిచిపెట్టేది?" అని ఓబులేసు గారు అడిగాడు.

"అది మా ఇంటి అలవాటండీ," అన్నాను. ఆ అలవాటే నా సంతకమైందని అప్పుడు అర్థమైంది. యంత్రం మీద వేసిన ప్రతి నిందా నా హాజరే.


30 రోజులు మిగిలాయి

నలభై పేజీలూ తీసుకుని కార్యాలయానికి వెళ్లాం. సమ్మయ్య గారు అన్నీ చదివాడు. ఎండుచేపల దగ్గర ఆగాడు. పాట దగ్గర ఆగాడు. నవ్వలేదు. ఈ మనిషికి చక్కిలిగింతలు పెట్టాలంటే నిపుణులను రప్పించాలి.

"గిది యంత్రం చేసింది గాదని నాక్కూడ తెలుస్తున్నది," అన్నాడు. "కానీ యంత్రం గాదంటే మీరే అని ఎట్ల?"

"సూడండి బాబూ, ఒక వల ఇవ్వండి. మీ ముందే అల్లుతాను."

ఆయన పుస్తకాలు తిరగేశాడు, పైవాళ్లతో మాట్లాడాడు, చివరికి ఒక కాగితం రాసిచ్చాడు. తొమ్మిది రోజులు గడువు మిగిలుండగా పరీక్ష. ఒక చిరిగిన వల, ఒక గంట సమయం. షరతులు రెండు. మొదటిది, నా అల్లిక ఏడో నంబరు యంత్రం అల్లికతో సరిపోవాలి, తప్పుతో సహా. రెండోది, నిపుణత పరీక్ష నిబంధన ప్రకారం గంట పూర్తయ్యేసరికి వలలో ఒక్క కన్ను కూడా తెరిచి ఉండకూడదు.

బయటికి వచ్చాక ఓబులేసు గారు మళ్లీ చదివాడు. "కన్ను వదలల్ల, వదలగూడదు. ఇదేం పరీక్ష? కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుండాదే."

"ఏం కాదు," అన్నాడు తనే మళ్లీ. "ముందు వదులు, కెమెరా ఫొటో తీస్తాది. తర్వాత అల్లేయ్. అంతే కదా?"

నేను సరేనన్నాను. సరే అనడం తేలికే.


22 రోజులు మిగిలాయి

సరే అని వచ్చిన దాన్ని ఎందుకు నలుగుతున్నానో రాయాలి.

మా అమ్మ పేరు పోలమ్మ. ఆవిడ వల అల్లితే చివరి కన్ను తను కట్టేది కాదు. పడవవాళ్లు వచ్చి వల తీసుకునేటప్పుడు, "ఇదిగో, కట్టుకో," అని దారం చుట్టిన అల్లిక పుల్ల చేతికిచ్చేది. సముద్రం మీదికి వల ఎవరు తీసుకెళ్తారో వాళ్లు ఆ ఒక్క కన్నూ కట్టుకోవాలి. "ఆకరి కన్ను అల్లినదానిది కాదే. ఏసేవోడిది. అదీ మనమే కట్టేస్తే ఆడికేటి మిగిల్చినట్టు?" అనేది. ఇది మా పేటంతా ఉన్న పద్ధతి కూడా కాదు. మా అమ్మది, ఆవిడ అమ్మది.

ఇక్కడ వల తీసుకెళ్లేది ఇనప చేతులు. "కట్టుకోండి బాబూ" అంటే వినవు. అందుకని నాలుగేళ్లూ ఆ కన్ను అలాగే వెళ్లిపోయింది. అంచు తాడు అవతల ఉంటుంది కాబట్టి అందులోంచి ఏదీ దూరదు.

ఈ రోజు ఇంట్లో దారం ముక్కలతో చిన్న వల అల్లి చివరి కన్ను కట్టబోయాను. పుల్ల లోపలికి దూరింది. లాగి ముడి వేయాలి. వేయలేదు. అయిదుసార్లు ప్రయత్నించాను. ఇదేదో దైవభక్తి అనుకోకండి, నేను అంత భక్తురాలిని కాను. ఆ ముడి నాది కాదు, అంతే. పరాయివాళ్ల కంచంలో చెయ్యి పెట్టినట్టుంటుంది.

ఒక్క ముడికి పదేళ్లు పోగొట్టుకుంటావా అని నన్ను నేనే తిట్టుకున్నాను. కట్టేస్తాను. కట్టక ఏం చేస్తాను.


15 రోజులు మిగిలాయి

సాధన చేశాను. కట్టలేదు. బచ్చలి పులుసు మాత్రం బాగా కుదిరింది.

ఓబులేసు గారు పులుసు తిని, చిన్న వలను అటూ ఇటూ తిప్పి చూశాడు. కట్టేయ్ అనలేదు. కుటుంబం కోటా ఊసూ ఎత్తలేదు. "నీ చెయ్యి ఎట్ల చెప్తే అట్ల చెయ్యి. ఏమైతే అదయితాది," అన్నాడు.

"ఏటవుద్దండీ? దింపేస్తారు."

"దింపితే నేనూ దిగుతా. కర్నూల్లో గొట్టాలు లేవా?"

స్థిర నివాసం వదులుకుని వస్తాడట! ఆ కార్డు కోసం ఆయన పదకొండేళ్లు పడిన పాట్లు నాకు తెలుసు. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఉల్లిపాయల మీదికి నెట్టేశాను.


9 రోజులు మిగిలాయి

పరీక్ష అయిపోయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

వలసాల తాళం తీశారు. మూలన ఏడో నంబరు యంత్రం దుప్పటి కప్పుకుని ఉంది. దానికి దణ్ణం పెట్టాను, నాలుగేళ్లు నా పేరు మోసింది కదా. సమ్మయ్య గారు కెమెరా పక్కన గోడ కడ్డీ పట్టుకుని తేలుతున్నాడు. బరువులేని చోటికి ఎప్పుడూ వచ్చినట్టు లేదు, ముఖం పచ్చబడింది. ఓబులేసు గారిని గుమ్మం దగ్గరే ఆపేశారు.

వల తెచ్చారు. నలభై కళ్లు చిరిగి ఉన్నాయి. చెప్పు తీసి, అంచు బొటనవేలికి తగిలించి లాగి పట్టాను. దారం చుట్టిన పుల్ల చేతిలోకి రాగానే భయం పోయింది. మూడు నెలలైంది అసలు వల మీద దాన్ని పట్టుకుని. పాట కూడా వచ్చేసింది, ఆపుకోలేదు. యంత్రం పాడుతుందని రాసుకున్నారు కదా, సరిపోలాలంటే పాడాలి మరి.

యాభై నిమిషాలకు ముప్పైతొమ్మిది కళ్లు అయ్యాయి. కుడి అంచున చివరి వరసలో ఒక్కటి మిగిలింది. కెమెరా ఫొటో తీసింది. తెర మీద పాత ఫొటో పక్కన కొత్త ఫొటో పడింది. అదే చోటు, అదే ముడి, అదే ఎడమవాటం.

"మొదటి షరతు అయింది," అన్నాడు సమ్మయ్య గారు. "ఇగ గది కూడ కట్టుండ్రి. పది నిమిషాలుంది."

పుల్ల లోపలికి పోనిచ్చాను. చెయ్యి ఆగిపోయింది. ఎనిమిది నిమిషాలు. ఆరు. గుమ్మం దగ్గర ఓబులేసు గారు సంచి భుజానికి ఎత్తుకున్నాడు. ఆయన మొహం చూస్తే కర్నూలుకు మూట సర్దుకుంటున్నట్టే ఉంది.

"ఏందమ్మా, ఏమైంది?"

"ఈ వల ఏ వైపు కడతారండీ?" అని అడిగాను.

ఆయన కాగితం చూశాడు. "తూర్పు వైపు, మూడో అంతస్తు."

"అక్కడేటి ఉంటాయండీ?"

"మా కార్యాలయమే. నా కిటికీ గూడ గాడనే ఉంటది."

నాకు ఒక్కసారిగా ఒళ్లు తేలికైంది. ఉన్న తేలిక చాలదన్నట్టు.

"అయితే ఈ వల మీదేనండీ! మీ నెత్తి మీద పడేదాన్ని ఆపేది ఇదే. మా అమ్మ సెప్పేది, ఆకరి కన్ను అల్లినదానిది కాదు, వల ఎవరిదో ఆళ్లది అని. ఇన్నాళ్లూ అందుకే వదిలేశాను. అడిగి కట్టించుకునే మనిషి లేక. రండి బాబూ, కట్టుకోండి."

"నేనా? గట్లెట్ల అయితదమ్మా? పరీక్ష మీది."

"గంటయ్యేసరికి ఒక్క కన్నూ తెరిచి ఉండకూడదని రాశారు. ఎవరు కట్టాలో రాశారేటండీ?"

ఆయన కాగితం తీశాడు. ముందు చదివాడు, వెనక చదివాడు. మూడు నిమిషాలున్నాయి. "రాయలే," అన్నాడు మెల్లగా. ఇంకోసారి చదివాడు. "నిజంగనే రాయలే."

కడ్డీ వదిలి నా వైపు ఈదుతున్నట్టు వచ్చాడు. పల్టీ కొట్టాడు, నేను చొక్కా పట్టుకుని నిలబెట్టాను. "నాకు వలలు రావు," అన్నాడు పుల్ల అందుకుంటూ. "మా తాత తాళ్లెక్కి కల్లు గీసెటోడు. మోకు ముడి ఒక్కటి నేర్పిండు నాకు. చిన్నప్పుడు. గది వేస్తే నడుస్తదా?"

"మనిషిని చెట్టు మీద నిలబెట్టే ముడి కదండీ. ఇనప ముక్కను ఆపదా?"

ఆయన వేశాడు. నాలుక బయటపెట్టి, బడిపిల్లాడి శ్రద్ధతో వేశాడు. బిగించి లాగి చూశాడు. నలభై సెకన్లు ఉండగా కెమెరా మళ్లీ ఫొటో తీసింది. తెర మీద, 'తెరిచి ఉన్న కళ్లు: సున్నా' అని వచ్చింది. ఏడో నంబరు యంత్రం పేరు పక్కన ఆ సున్నా రావడం అదే మొదలు.

సమ్మయ్య గారు ఆ ముడిని చూస్తూ ఉండిపోయాడు. అప్పుడు నవ్వాడు. పళ్లు కనిపించేలా నవ్వాడు. ఆయనకు పళ్లున్నాయని నాకు ఈ రోజే తెలిసింది.


4 రోజులు మిగిలాయి

కార్డు వచ్చింది! వచ్చింది! వచ్చింది!

పరీక్ష మర్నాడు నేను ఇచ్చొచ్చిన డైరీతో పాటు సమ్మయ్య గారే చేతికిచ్చాడు. నా ఫైల్లో రాసింది చదివి వినిపించాడు: 'నిపుణ పని అనుభవం నాలుగేళ్లు, ఏడో నంబరు యంత్రం అనే పేరుతో. కుటుంబం కోటా అవసరం లేదు.' మరమ్మతు వాళ్లకు కూడా చెప్పించాడట, ఇక ఆ యంత్రానికి నూనె వేయొద్దని. ఎండుచేపల ఫిర్యాదు కింద 'కారణం తెలిసింది' అని రాయించి మూసేశాడట. వలసాల ఇక నుంచి నాదే, నలుగురికి పని నేర్పడానికి అనుమతి కూడా ఇచ్చారు. ప్రతి వలకూ చివరి కన్ను ఆ వైపు నివసించేవాళ్లు వచ్చి కట్టాలని కొత్త నిబంధన పెట్టమని తనే సిఫారసు చేశాడట. పాలమ్మే ఆవిడ అప్పుడే తన కిటికీ ముందు వల ఎప్పుడు మారుస్తారని అడుగుతోంది.

బయటికి వస్తుంటే వెనక్కి పిలిచాడు.

"అమ్మా, ఇంకొక్క మాట. డైరీ మొత్తం చదివిన."

మొదటి పేజీలో ఏం రాశానో గుర్తొచ్చింది.

"నేను పప్పుల ఉప్పు సరిపడనే వేస్కుంటనమ్మా," అన్నాడు.

భూమి రెండుగా చీలితే దూరిపోదును. ఇక్కడ భూమి లేదు, ఏం చేయను? దణ్ణం పెట్టి పరుగెత్తుకొచ్చాను.


రోజులు లెక్కపెట్టడం మానేశాను

ఇక ఈ డైరీ ఎవరికీ ఇవ్వక్కర్లేదు. ఈ పేజీ నా కోసం.

ఈ నాలుగు రోజులూ కూర్చుని ఒక చిక్కం అల్లాను. వలలాంటి సంచి, చేతికి తగిలించుకునేది. గట్టి దారం, దగ్గర కళ్లు. పొద్దున ఓబులేసు గారి గదికి వెళ్లి చేతిలో పెట్టాను.

"మీ సంచి చిరిగిపోయి మూడేళ్లయింది. ఉల్లిపాయలకు ఇది బాగుంటదండీ."

ఆయన మురిసిపోయి తిప్పి చూశాడు. అంచు దగ్గర వేళ్లు ఆగాయి.

"ఇక్కడొకటి విడిచిపెట్టినావే రత్నమ్మా."

"ఆయ్. వదిలానండీ." పుల్ల చాపాను. అనుకున్నది అనేశాను. "సంచి మీదైతే మీరే కట్టుకోవాలి కదండీ. అల్లినదాన్నీ చేసుకుంటానంటేనే కట్టండి."

ఓబులేసు గారు లేచి వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కుని, తుడుచుకుని వచ్చాడు. నేల మీద కూర్చుని ఆ ఒక్క కన్ను కట్టడానికి పావుగంట తీసుకున్నాడు. గొట్టానికి పట్టీ బిగించినట్టు అడ్డదిడ్డంగా నాలుగు చుట్లు చుట్టాడు. నా జన్మలో అంత వికారమైన ముడి చూడలేదు. అది చూస్తుంటే కళ్లు నిండిపోయాయి.

జారిపోతాయేమోనని నాలుగు ఉల్లిపాయలు వేసి, ఇద్దరం చెరో వైపు పట్టుకుని గట్టిగా ఊపి చూశాం. ఒక్కటీ జారలేదు.